హుకుం వెనుక కళ్లెం

రాజధానిలో హుకుములకు కొదువ లేదు. ఆ మాటకు కళ్లెంతో చుట్టరికమున్నదని మాత్రం వాటిని జారీచేసే అధికారులు ఎరుగకపోవచ్చు. అరబ్బీలో హ-క-మ అనే మూడు హల్లుల ధాతువుకు నిఘంటుకారులు చెప్పే మూలార్థం ‘నిరోధించుట’. గుఱ్ఱపు కళ్లెంలో ఒక భాగం పేరు ‘హకమ’. అవివేకాన్ని నిలువరించేది గనుక వివేకం ‘హిక్మత్’ అయింది. వివేకి, ఆపైన వైద్యుడు ‘హకీం’. కరోల్‌బాగ్ తిబ్బియా కళాశాల స్థాపకుడు అజ్మల్ ఖాన్ పేరుకు ముందున్నది అదే. దీర్ఘం ముందుకు జరిగి ‘హాకిం’ అయితే పాలకుడు, లేదా న్యాయాధిపతి! అరబ్బీలో న్యాయస్థానమైన ‘మహకమా’ ఉర్దూకు వచ్చి ప్రభుత్వశాఖ అయింది. ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఈ పతనం వింతగొల్పదు.

పోలీసు ఎఫ్.ఐ.ఆర్.లలో జనానికి అర్థంకాని ఉర్దూ, పారశీక పదాలు మానుకోమని 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పగా 383 మాటల జాబితా తయారైంది. ఫిర్యాదీకి తన ఫిర్యాదు అర్థం కావాలనడం న్యాయమే. పరాయిదని మాటను వెళ్లగొట్టబూనడం వేరు సంగతి. తెలుగునాట హుకుంను ధిక్కరించినవారున్నారు గాని, అరబ్బీ మాట అని ధిక్కరించినవారు కానరారు. మహారాష్ట్రలోని పాతూర్ పురపాలక సంఘం నామఫలకంపై ఉర్దూ ఉండవచ్చునని 2025 ఏప్రిల్‌లో తీర్పిస్తూ, ఆ భాష ఈ గడ్డపై పుట్టినదేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.