ప్రకృతివైద్య కళాశాలకు ప్రజల యండ

హైదరాబాదు నగరమున అమీరుపేటకు చేరువగా, బల్కంపేట వంకను, ఒక ప్రకృతి చికిత్సాలయము కలదు. డాక్టరు బి. వెంకటరావుగారును, వారి సతీమణి డాక్టరు విజయలక్ష్మిగారును 1949వ సంవత్సరమున దానిని నెలకొల్పిరి. 1970లో దానికి కళాశాల తోడయ్యెను. గాంధీ ప్రకృతివైద్య కళాశాల యను పేర నది నేడు రాష్ట్ర ప్రభుత్వపు ఆయుష్ శాఖ క్రింద నడచుచున్నది. ఈ వైద్యమున పట్టము పొందగోరు విద్యార్థి నాలుగున్నర యేండ్లు చదివి, ఆపైన ఒక యేడు రోగుల యొద్ద పనిచేయవలయును. మన్ను, నీరు, ఎండ, గాలి, పథ్యము, ఉపవాసము, ఆసనములు: ఇవియే యా వైద్యుని సాధనములు.

అమీరుపేటలో మెట్రో బండి యెక్కినవారు కొలది సేపటిలో హైటెక్ సిటీలో దిగుదురు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతముల రాతిగుట్టలు అద్దాల మేడలైనవి. మన పల్లెల బిడ్డలు వేలకొలదిగా నచట ఉద్యోగములు చేయుచున్నారు. ఐశ్వర్యము వచ్చినది. ఆరోగ్యము వచ్చినదా? గచ్చిబౌలిలోనే యున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 345 మంది సాఫ్టువేరు ఉద్యోగులను పరీక్షించిరి. 2025లో వెలువడిన ఆ ఫలితముల ననుసరించి, వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు పేరుకొన్నది. నూటికి 71 మంది స్థూలకాయులు. ఎండ సోకక, నడక లేక, రాత్రులు మేల్కొని, కూర్చున్న చోటనే భుజించువారి బ్రతుకున కిది యాశ్చర్యము కాదు. ధనమున్న మేడలకును, మితాహారమును నడవడిని బోధించు పాఠశాలకును నడుమ దూరము కొలది మైళ్లే. ఆ రెంటికిని సంబంధము కుదురవలెనని మా కోరిక.

సర్కారు పోషించుచుండగా ప్రజలేల చేయి చాపవలెనని కొంద రడుగుదురు. ప్రభుత్వము జీతము లీయగలదు, గోడలు కట్టగలదు. బీదరోగి పడుకొనినన్నాళ్లు పండ్లును, పత్యపు కూడును, ఇంటికి పోయిన పిదప విచారించువారును కావలెనన్న, ఊరి మనసు దానిపై నుండవలయును. మన పూర్వు లీ సంగతి నెరుగుదురు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది పరిపాలకుల ఖజానా నుండి కాదు, భాషాభిమానుల చందాల నుండి. 1921లో బెజవాడలో గూడిన కాంగ్రెసు సంఘము తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానింపగా, స్త్రీలు మెడలోని నగలు తీసియిచ్చిరి, కూలివారు అణాలిచ్చిరి; కోటియు వసూలయ్యెను. 1958లో పుట్టిన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలయు ప్రజల విరాళముల బిడ్డయే.

ప్రకృతివైద్యము తెలుగునాట నిన్న మొన్న వచ్చినదియు కాదు. జర్మనీ దేశపు లూయీ కూనె గ్రంథమును ద్రోణంరాజు వెంకటాచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. దీనిని దేశవ్యాప్తము చేసినవారు మహాత్ములు. వారు మొదట పూనా నగరమున బీదలకై చికిత్సాలయము నడుప సంకల్పించిరి. బీదలు పట్టణపు వైద్యశాలకు రాజాలరనియు, వైద్యమే పల్లెకు పోవలెననియు గ్రహించి, తమ పొరపాటు నొప్పుకొని, 1946 మార్చిలో ఉరుళీకాంచనమను గ్రామమునకు తరలిరి. ఆ యాశ్రమము నేటికిని నిలిచియున్నది. అట్టి పేదల వైద్యము నేడేమగుచున్నది? దినమునకు వేల రూపాయలు తీసికొని కలవారికి మట్టిపట్టీలు వేయు విహారాశ్రమములు వెలయుచున్నవి. మన్నును నీటిని బంగారపు వెలకు కొనువారే దీనికి మిగిలిన, గాంధీగారి పేరు గోడమీద మాత్రమే నిలుచును. విరాళము లడుగుటకు మాకిదియే ముఖ్యకారణము.

అద్దాల మేడల యజమానులకు చట్టమే దారి చూపినది. 2013 నాటి కంపెనీల చట్టపు 135వ సెక్షను ననుసరించి, ఒక మేరకు మించిన సంస్థలు మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలయును. వైద్యమును, విద్యయు నా పట్టికలోనివే. తామున్న ప్రాంతమున కగ్రస్థాన మీయవలెననియు చట్టము చెప్పుచున్నది. తమ యుద్యోగులకే యుపకరించు ఖర్చు ఇందు లెక్కకు రాదు. కావున బల్కంపేటలో ఉచిత శయ్యలకును, గ్రామములకు పోవు వైద్యబృందములకును ఈ సొమ్ము వినియోగించుట న్యాయము. ఉద్యోగులు నెలకొక పూట జీతమిచ్చినను చాలును. తోటలును మడులును కల రైతుసోదరులు ధనమే యీయనక్కరలేదు. కూరగాయలు, నిమ్మపండ్లు, రాగులు, జొన్నలు వారమునకొక బస్తా పంపినను రోగుల పత్యము జరుగును. పల్లెటూరి పేద బాలిక యొకతెకు చదువు ముగియువరకు వేతన మిచ్చు దాత, ఆమె తిరిగి తన యూరు చేరిన నాడు ఊరికే వైద్యుని దానము చేసినవాడగును.

అయితే దాతలారా, కన్నులు మూసికొని యీయవలదు. లెక్క యడుగుడు. సొమ్మెందుకు చెల్లినదో ఏటికి రెండుసారులు అచ్చువేసి చూపుమనుడు. అంతకన్న ముఖ్యమైనది చికిత్సల లెక్క: ఎందరు వచ్చిరి, ఏ వ్యాధితో వచ్చిరి, ఎందరికి గుణమిచ్చెను, ఎందరికి నీయలేదు? పత్యము, నడక, బరువు తగ్గుట కాలేయపు క్రొవ్వునకును మధుమేహమునకును మేలుచేయునని ఆధునిక వైద్యులు నంగీకరింతురు. కాని క్యాన్సరును, పాముకాటును, గుండెనొప్పిని మట్టిపట్టీతో మాన్పుదుమని యెవరైన చెప్పిన, అది వైద్యము కాదు, ద్రోహము. పిడికెడు ఇన్సులినుపై బ్రతుకు రోగిని సూది మానుమనుట హత్యతో సమానము. మహాత్ములంతటి ప్రకృతివైద్య భక్తులు 1924 జనవరిలో పూనా సాసూను ఆసుపత్రిలో కర్నలు మాడాకు చేత ఉండుకము కోయించుకొనిరి. తన మేర నెరిగిన శాస్త్రమునకే గౌరవము. కళాశాలలో నేర్పవలసిన మొదటి పాఠము, ఏ రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపవలయునో తెలియుట. విశ్వవిద్యాలయపు పరిశోధకులును, కళాశాల వైద్యులును కూడి, ఆ 345 మందివంటి వారిని ఏడాదిపాటు పత్యమున నుంచి, ఫలితమెట్లున్నను ప్రకటించిన, అట్టి పరిశోధనకు పెట్టిన రూపాయి పది భవనములకు పెట్టినదానికన్న విలువైనది.

గుడికి ధ్వజస్తంభ మెత్తించువారికిని, అన్నదానమునకు పంక్తులు వేయించువారికిని మన నాట కొరత లేదు. అన్నము మితముగ తినుట నేర్పు బడికి కూడ ఆ చేతులే తోడుపడవలెను. పేదవాడు రొక్కము లేకయే లోపలికి పోగలిగి, దాత సంకోచము లేకయే లెక్క యడుగగలిగిననాడు ఆ కళాశాల ప్రజలదని మేమందుము. ఆ దినమును దగ్గర చేయుట పాఠకుల చేతిలోనిది.