అక్కడ యుద్ధం... ఇక్కడ పత్తి... మిగిలింది అప్పు!

కార్తీకమాసం వస్తోందంటే చాలు, ఇంట్లో పెద్దావిడ దూది ముందేసుకుని వత్తులు చేయడానికి కూర్చుంటుంది. గింజ తీసి, దూది విడదీసి, అరచేతిలో నలిపి... చూస్తుండగానే వత్తుల కట్ట తయారు! ఆ దూది ఏ చేలో కాసిందో, ఏ చేతులు తీశాయో మనం పట్టించుకోం. కానీ నూట అరవై ఏళ్ల కిందట, ఈ పత్తి పండించే మనుషులు మనుషులా, సరుకా అన్న ప్రశ్న మీద ఒక దేశం రెండుగా చీలి నాలుగేళ్లు కొట్టుకుంది. ఆ యుద్ధం సెగ సముద్రాలు దాటి మన గుత్తి, తాడిపత్రి నల్లరేగడి చేల దాకా వచ్చింది.

"అమెరికా యుద్ధానికీ, అనంతపురం ఆడవాళ్లకూ ఏమిటి సంబంధం?" అంటారా? ఉంది. ఆ సంబంధం పేరు మొదట పత్తి. తర్వాత అప్పు.

తల్లి బానిసైతే బిడ్డా బానిసే

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి తోటలన్నీ బానిసల చెమట మీదే నడిచేవి. పత్తిలోంచి గింజ తీసే యంత్రాన్ని 1793లో ఎలై విట్నీ తయారుచేశాడు. యంత్రం వచ్చింది కదా, పని తగ్గి ఉంటుందనుకుంటాం. జరిగింది వేరు! గింజ తీయడం తేలికైంది గనుక ఇంకా ఎక్కువ పత్తి వేశారు. పత్తి పెరిగిన కొద్దీ దాన్ని తీసే చేతులు ఎక్కువ కావాల్సి వచ్చింది. 1860 నాటికి ఆ దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు వచ్చే పత్తిలో సుమారు ఐదింట నాలుగు వంతులు అక్కడిదే.

అక్కడి చట్టంలో ఆడవాళ్లకు సంబంధించిన నియమం ఒకటుంది. బిడ్డ పుట్టుక తల్లిని బట్టి. తండ్రి ఎవరైనా సరే, ఆఖరికి యజమానే అయినా సరే, తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే. అంటే ఆమె కడుపు కూడా యజమాని ఆస్తిలో జమ! పాలు తాగే పిల్లని అమ్మేసినా అడగడానికి లేదు.

హ్యారియెట్ జేకబ్స్ అనే బానిస యువతి యజమాని వేధింపులు భరించలేక పారిపోయి, వాళ్ల అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద, నిలబడటానికి కూడా ఎత్తులేని ఇరుకు చోట దాదాపు ఏడేళ్లు దాక్కుంది. కింద తన పిల్లలు ఆడుకుంటుంటే చిన్న రంధ్రంలోంచి చూసుకుంటూ బతికింది. తర్వాత ఉత్తరాదికి తప్పించుకుని తన కథ తానే రాసింది. ఆ పుస్తకం 1861లో వచ్చింది. సరిగ్గా యుద్ధం మొదలైన ఏడాది.

విడిపోతామన్నారు... ఎందుకు?

బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వకూడదనే పార్టీ తరఫున అబ్రహాం లింకన్ 1860 నవంబరులో అధ్యక్షుడిగా గెలిచాడు. వెంటనే దక్షిణాది పెద్దలకు గుండెల్లో రాయి పడింది. డిసెంబరులోనే సౌత్ కరోలినా "మేం మీతో ఉండం" అని ప్రకటించింది. ఒకదాని వెనక ఒకటి మొత్తం 11 రాష్ట్రాలు విడిపోయి వేరే దేశంగా చెప్పుకున్నాయి. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి.

రాష్ట్రం విడిపోవడం మనకూ తెలుసు. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేరయ్యాయి. కానీ అది పార్లమెంటు చేసిన చట్టంతో జరిగింది, రెండూ ఈ దేశంలోనే ఉన్నాయి. వాళ్లది అలాంటిది కాదు. దేశాన్నే వదిలి పోతామన్నారు. "రాష్ట్రాల హక్కుల కోసమే విడిపోయాం" అని తర్వాత చాలామంది చెప్పుకొచ్చారు గానీ, మిసిసిపి లాంటి రాష్ట్రాలు అప్పట్లో రాసుకున్న ప్రకటనల్లోనే అసలు కారణం బానిసత్వమని స్పష్టంగా ఉంది. ఏ హక్కు? సాటి మనిషిని సొంతం చేసుకునే హక్కు!

తిరగబడ్డ రాష్ట్రాల్లోని బానిసలు స్వతంత్రులని 1863 జనవరి 1న లింకన్ ప్రకటించాడు. అదే ఏడాది జూన్‌లో హ్యారియెట్ టబ్‌మన్ అనే నల్లజాతి మహిళ సైన్యానికి దారి చూపించి, సౌత్ కరోలినాలో కాంబాహీ నది ఒడ్డు తోటల నుంచి ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలను విడిపించింది. ఆమె కూడా ఒకప్పుడు బానిసగా ఉండి తప్పించుకున్న మనిషే. తను బయటపడితే చాలనుకోలేదు. అదీ గొప్పతనం!

1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. డిసెంబరులో రాజ్యాంగ సవరణతో దేశమంతటా బానిసత్వం రద్దయింది. అప్పటికి 6 లక్షల మందికి పైగా సైనికుల ప్రాణాలు పోయాయి.

దత్తమండలాలకు పట్టిన పత్తి యోగం

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసిన ప్రాంతం మనది. అందుకే దత్తమండలాలన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకున్నది. అనంతపురం అప్పటికింకా జిల్లా కాదు. 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగమే.

యుద్ధంలో ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధం చేశాయి. అమెరికా పత్తి బయటికి రావడం ఆగిపోయింది. లాంకషైర్‌లో మిల్లులు మూతపడ్డాయి. లక్షలాది కూలీల ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. అయినా 1862 డిసెంబరు ఆఖరున మాంచెస్టర్ కార్మికులు సభ పెట్టి, బానిసల విముక్తికి మా మద్దతు ఉందని లింకన్‌కు ఉత్తరం రాశారు. పస్తులుండి కూడా న్యాయం వైపు నిలబడ్డవాళ్లన్న మాట.

మిల్లుల యజమానులకు మాత్రం పత్తి కావాలి. ఎక్కడుంది? ఇండియాలో ఉంది! గుజరాత్, విదర్భ, ధార్వాడ, బళ్లారి... వ్యాపారుల చూపు ఇటు తిరిగింది. బళ్లారి, అనంతపురం వైపు పత్తికి వ్యాపారులు పెట్టుకున్న పేరు 'వెస్టర్న్స్'. పోగు పొట్టిది, చెత్త ఎక్కువ అని ఇంగ్లండు కూలీలు మన దేశపు పత్తిని చూసి సణుక్కునేవాళ్లు. అయినా గతిలేక కొన్నారు. 1860లో లివర్‌పూల్ బజారులో పౌనుకు ఆరేడు పెన్నీలున్న అమెరికా పత్తి ధర, 1864కల్లా నాలుగింతలకు ఎగబాకింది. దాని వెనకే మన పత్తి ధరా పరిగెత్తింది.

గుత్తి, తాడిపత్రి వైపు నల్లరేగడి ఉన్న రైతుకు యోగం పట్టింది. మద్రాసు నుంచి వచ్చే రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది 1871లో. అంటే యుద్ధం రోజుల్లో ఇంకా ఎడ్లబండ్లే దిక్కు. షావుకార్లు కూడా ముందుకొచ్చి అప్పులిచ్చారు. పత్తి ఉందిగా, తీరకేం అన్న ధీమా ఇద్దరిదీ.

మరి ఆడవాళ్లకేం ఒరిగింది? రాట్నం తిప్పి నాలుగు డబ్బులు సంపాదించుకునే మన ఆడవాళ్ల చేతుల్లోంచి ఆ పనిని మిల్లు నూలు అప్పటికే చాలావరకు లాగేసుకుంది. మిగిలిన కొద్దిమందికి ఇప్పుడు ఏకులు చేసుకోవడానికి పత్తే అందని ధర అయిపోయింది. నేతగాళ్ల ఇళ్లల్లో అయితే మరీ కష్టం. ఆసు పోయాలన్నా, కండెలు చుట్టాలన్నా నూలు ఉండాలి కదా! నూలు ధర పెరిగింది, బట్ట ధర ఆ మేరకు పెరగలేదు. మద్రాసు రాజధానిలో ఎందరో నేతగాళ్లు ఆ నాలుగేళ్లలో మగ్గం వదిలి కూలికి పోవాల్సొచ్చింది. ఒకే ఊళ్లో పత్తి అమ్మే ఇంట్లో పండగ, నూలు కొనే ఇంట్లో పస్తు!

ధర పడింది... కరువు పడింది

1865లో యుద్ధం ఆగిందని కబురు అందగానే ధరలు దభీమని కూలాయి. బొంబాయిలో షేర్ల వ్యాపారులే దివాలా తీశారు. ఆ మరుసటి ఏడాది 1866లో బళ్లారి జిల్లాను కరువు కమ్మేసింది. ధర పోయింది, వాన పోయింది. షావుకారు చిట్టా మాత్రం ఎక్కడికీ పోలేదు. సర్కారు శిస్తు కూడా ఆగలేదు.

పత్తి వెలుగు చూసి అప్పులు చేసిన మహారాష్ట్ర రైతులు 1875లో పూనా, అహమ్మద్‌నగర్ జిల్లాల్లో షావుకార్ల ఇళ్ల మీద పడ్డారు. వాళ్లు ముందుగా వెతికింది బంగారం కాదు, అప్పు పత్రాలు! వాటిని వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. మన వైపు అంత తిరుగుబాటు రాలేదు గానీ, అంతకంటే పెద్ద ఆపదే వచ్చింది. 1876-78 నాటి ధాత కరువు. దక్షిణ భారతంలో 50 లక్షల మందికి పైగా చనిపోయి ఉంటారని అంచనా. 1871, 1881 జనాభా లెక్కల మధ్య మన ప్రాంతంలో జనం పెరగాల్సింది పోయి బాగా తగ్గిపోయారు.

సంకెళ్లు పోయాయి... చిట్టా వచ్చింది

అటు అమెరికాలో ఏమైందో తెలుసా? విడుదలైన బానిసల చేతికి స్వేచ్ఛ వచ్చింది, సెంటు భూమి రాలేదు. కొందరికి 40 ఎకరాల చొప్పున ఇస్తామన్న మాటను కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ 1865లోనే వెనక్కి తీసుకున్నాడు. దాంతో పాత యజమాని పొలంలోనే పాలుకు చేయాల్సొచ్చింది. విత్తనం అప్పు, తిండి అప్పు, బట్ట అప్పు. పంట వచ్చాక లెక్క చూస్తే ఇంకా బాకీయే! సంకెల తీసేశారు, చిట్టాతో కట్టేశారు.

ఇది వింటుంటే మన ఊరి సంగతిలా లేదూ? రాయలసీమ పల్లెల్లో జీతగాళ్లు అంటే ఎవరు? పెళ్లికో, రోగానికో తండ్రి తీసుకున్న అప్పుకి పిల్లవాణ్ణి ఏళ్ల తరబడి పెద్దరైతు ఇంట్లో పెట్టడమే కదా! ఆడపిల్లయితే పేడకళ్లు తీయాలి, అంట్లు తోమాలి. ఆమె పనికి విడిగా లెక్క కూడా ఉండేది కాదు.

ఈ పోలికను మనకంటే ముందే పట్టుకున్నవాడు జ్యోతిరావు ఫూలే. 1873లో ఆయన రాసిన 'గులాంగిరి' పుస్తకాన్ని, నీగ్రో బానిసల విముక్తికి పాటుబడ్డ అమెరికా ప్రజలకే అంకితం ఇచ్చాడు. మీరు మీ బానిసలను విడిపించారు, మా దగ్గర ఇంకా ఉన్నారు సుమా అని చెప్పడమే ఆయన ఉద్దేశం.

మన దేశంలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని 1843లోనే చట్టం వచ్చింది. అంటే అమెరికా కంటే 22 ఏళ్లు ముందు! కానీ అప్పు పేరుతో చేసే వెట్టిని నేరంగా చూసే చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సొచ్చింది.

ఈ సంగతులు మీకు తెలుసా?

అనంతపురం ఇప్పటికీ వాన చుక్క కోసం ఆకాశం వైపు చూసే నేలే. వేరుశనగ పోయిన ఏడాది ఊళ్లకు ఊళ్లు బెంగుళూరు బాట పడతాయి. మేస్త్రీ వస్తాడు, చేతిలో అడ్వాన్సు పెడతాడు. భర్త పేరున తీసుకున్న డబ్బుకి భార్యా, పిల్లలూ కూడా పని చేస్తారు. ఇంటికి పోతామంటే "బాకీ తీర్చి పో" అంటారు. అందుకే ఈ నాలుగు విషయాలూ మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికీ, పక్కింటి అక్కకీ కూడా చెప్పండి.

అప్పు ఉందన్న కారణంతో మనిషిని కదలనివ్వకుండా, వేరేచోట పనికి పోనివ్వకుండా చేస్తే అది వెట్టి. నేరం. మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకున్నా బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది.

తండ్రి అప్పుకి కూతురు, అత్త అప్పుకి కోడలు చాకిరీ చేయాల్సిన పనిలేదు. వెట్టి అని తేలితే ఆ అప్పు మొత్తం రద్దు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే, మీరు కాదు.

ఫిర్యాదు కలెక్టరుకో, ఆర్డీవోకో ఇవ్వొచ్చు. విడుదల పత్రం అడిగి తీసుకోండి. పునరావాస సాయానికి అదే ఆధారం. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. మహిళలకు 181, పిల్లలకు 1098.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది... ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో మీరే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రాయడం రాకపోతే చదువుకునే పిల్ల చేత రాయించండి. వేలిముద్ర వేసే ముందు పైన ఏం రాశారో చదివించుకోండి.

యుద్ధం గెలిచినా, చట్టం వచ్చినా, ఆ చిట్టా ఎదుటివాడి చేతిలో ఉన్నంతకాలం స్వేచ్ఛ కాగితం మీదే ఉండిపోతుంది. అమెరికా పత్తి చేలల్లో తల్లులు అది అనుభవించి తెలుసుకున్నారు. మనం తెలుసుకుని జాగ్రత్త పడదాం. ఏమంటారు?