మీకు తెలుసా? బీపీలో మూడో అంకె
ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల కార్మికులు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో బీపీ చూపించుకుంటే మామూలుగా వినేది రెండంకెలే: 120/80. ఐసీయూ మానిటర్ మీద మాత్రం పక్కనే మూడోది ఉంటుంది: 93. అది సగటు ధమని పీడనం.

రెండూ కలిపి సగం చేస్తే 100 కదా? కాదు. మామూలు వేగంలో గుండె ముడుచుకునే సమయం కన్నా వదులయ్యే సమయం దాదాపు రెట్టింపు. అందుకే తేడాలో (40) మూడోవంతును (13) కింది అంకెకు కలుపుతారు. గుండె బాగా వేగంగా కొట్టుకుంటే ఈ లెక్క సరిగ్గా రాదు.

మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం అందించేది ఈ పీడనమే. సెప్సిస్ రోగుల్లో, షాక్‌లోకి వెళ్లినప్పుడు, దీన్ని కనీసం 65 దగ్గర నిలబెట్టడానికి వైద్యులు పాటుపడతారు.

అన్నట్టు, ఇంట్లో చేతికి కట్టుకునే ఆటోమేటిక్ బీపీ యంత్రం ముందుగా పసిగట్టేది ఈ సగటునే. మనకు చూపే రెండంకెలనూ పట్టీలోని అదురు తీరును బట్టి అది లెక్కగడుతుంది.