నిద్రలేచిన ఆటలమ్మ

అక్కి మొదట కంటికి కనబడదు. వెన్నెముక పక్కనో, పక్కటెముకల మీదనో, ఒక్క వైపున మాత్రమే, నిప్పుకణిక మోపినట్లు మంట పుట్టును. చండ్రుగొండవంటి అడవి అంచు పల్లెలలో మిరపకోతకో, తునికాకు సేకరణకో పోయి వచ్చిన మనిషి దానిని ఒడలినొప్పి యనుకొని, ఏదో తైలము రాయించుకొని పరుండును. మూడు నాలుగు దినములు గడచునప్పటికి ఆ మంట పుట్టిన చోటనే చర్మము ఎర్రబారి, నీటిపొక్కులు గుత్తులు గుత్తులుగా లేచును. నిద్రలో ఏదో పురుగు పారినదని ఇంటివారందురు. ఇరుగుపొరుగున వయసు మళ్లిన వారెవరో వచ్చి చూచి, పురుగు కాదు, ఇది అక్కి యని తేల్తురు. మరియొకరు దానినే సర్పి యందురు.

పురుగు పారినదన్న ఆ మాట అంత తీసివేయదగినది కాదు. ఈ వ్యాధికి పడమటి వైద్యులు వాడు హెర్పిస్ అను గ్రీకు మాటకు పాకునది యనియే అర్థము. దాని వెంట చేర్చు జోస్టర్ అను మాటకు నడికట్టు అని అర్థము. నడుమును చుట్టుకొనుచు పాకి వచ్చునది. ఒకరినొకరు ఎరుగని రెండు జాతులవారు ఒకే మంటకు ఒకే పోలికను వెదకికొనిరి. సర్పి యన్నను ఆ పాకుటయే స్ఫురించును.

అయితే ఈ పాకునది బయటినుండి వచ్చినది కాదు. చిన్ననాట ఆటలమ్మ పోయును. పొక్కులు ఎండును. మంచి దినము చూచి, వేపాకు వేసి కాచిన నీళ్లు పోసి, అమ్మవారు చల్లగా వెళ్లినదని ఇల్లంతయు ఊరట చెందును. నిజమునకు ఆమె వెళ్లదు. ఆటలమ్మను కలిగించు వైరసు చర్మమునందలి నరముల వెంబడి లోనికి పోయి, వెన్నెముక పక్కన నుండు నరముల ముడులలో చేరి నిద్రించును. నలువది ఏండ్లు, ఏబది ఏండ్లు అట్లే యుండును. మనిషి పెండ్లియై, పిల్లలై, మనుమలను ఎత్తుకొనునాటికి, లోపలి కాపలా సడలినపుడు మేల్కొనును. వార్ధక్యము, అదుపులో లేని మధుమేహము, కాన్సరు చికిత్స, దీర్ఘకాలము వాడిన స్టిరాయిడు మందులు, ఎయిడ్సు వైరసు, ఇవన్నియు ఆ కాపలాను సడలించునవే. మేల్కొనిన వైరసు తాను దాగిన నరము వెంబడియే దిగి వచ్చి, ఆ నరము ఏలు చర్మపు పట్టీ మీద మాత్రమే పొక్కులు లేపును. అందువలననే అక్కి శరీరమునకు ఒక పక్కన నడికట్టువలె వచ్చి, నడిమి గీత యొద్ద ఆగిపోవును.

అక్కి రెండు కొసలు కలిసినచో ప్రాణము పోవునని తెలుగు పల్లెలలో ఒక భయము కలదు. కుడి నరము కుడి పక్కకును, ఎడమ నరము ఎడమ పక్కకును పోవును గనుక సాధారణముగా ఆ రెండు కొసలు కలియవు. కాని ఆ భయమును నవ్వి కొట్టివేయరాదు. పొక్కులు రెండు పక్కల లేచినను, ఒళ్లంతయు చల్లినట్లు వ్యాపించినను, రోగి వ్యాధినిరోధక శక్తి మిక్కిలి క్షీణించినదని వైద్యులు అనుమానింతురు. అట్టివారిని ఆసుపత్రిలో చేర్చుకొని నరములోనికి మందు ఎక్కింతురు. పాతకాలపు పెద్దలు కారణము నెరుగకున్నను ప్రమాదమును గుర్తించి యుందురు.

అక్కికిని ఆటలమ్మకును చుట్టరికము కలదని మొదట పసిగట్టినవాడు బుడాపెస్టు నగరమున పిల్లల వైద్యుడైన బోకాయి. పెద్దలకు అక్కి వచ్చిన ఇండ్లలోనే కొన్నాళ్లకు పిల్లలకు ఆటలమ్మ పోయుట ఆయన 1892లో గమనించెను. అమెరికాలో థామస్ వెల్లర్ 1950ల మొదట ఈ రెండింటి పొక్కుల నుండియు వైరసును వేరుచేసి పెంచి, అది ఒక్కటే యని చూపెను. ఇంగ్లండులో సైరెన్సెస్టరను చిన్న పట్టణమున సామాన్య వైద్యుడుగా నుండిన హోప్-సింప్సన్ కథ వీనికన్న ముచ్చటైనది. తన యొద్దకు వచ్చిన అక్కి రోగులను ఆయన 16 ఏండ్లపాటు ఒక్కొక్కరిగా వ్రాసి పెట్టుకొనెను. మొత్తము 192 మంది. వయసు పెరిగిన కొలది అక్కి ఎక్కువగుట, లోపల దాగిన వైరసును శరీరము ఏండ్ల తరబడి అణచి యుంచుట, ఆ బిగువు తగ్గినపుడు అది బయటపడుట, ఇవన్నియు ఆయన 1965లో ప్రకటించిన వ్యాసమున నున్నవి. గొప్ప ప్రయోగశాల లేదు. ఒక ఊరి వైద్యుని చిట్టా పుస్తకము చాలినది.

ఈ దాగుడు విద్య మశూచి వైరసుకు తెలియదు. అది మనిషి నుండి మనిషికి సాగవలసినదే. ఆ గొలుసును తెంపిన నాడు దానికి నిలువ నీడ లేకపోయినది. మన దేశమున 1975లో చివరి మశూచి రోగి కనబడెను. 1980 నాటికి ప్రపంచమున అది లేదని చాటిరి. ఆటలమ్మ అట్లు పోదు. కనకగిరి గుట్టల చుట్టు అడవిలో విసరివేసినట్లుండు చిన్న గూడెములను తలచుకొనిన ఈ సంగతి తేటపడును. ముప్పది కొంపల గూడెమునకు ఆటలమ్మ వచ్చినచో కొలది వారములలో సోకవలసిన వారందరికి సోకి ఆరిపోవును. పదేండ్లు ఎవరికి నుండదు. ఈలోగా పుట్టిన పిల్లలందరు దాని నెరుగనివారే. అంతట ఒక ముసలివానికి అక్కి లేచును. ఆ పొక్కుల నీటితో ఆటలమ్మ మరల గూడెమున అడుగుపెట్టును. బయటి మనిషి ఎవడును రానక్కరలేదు.

ఈ అంటును గూర్చిన అపోహలు తక్కువ కావు. అక్కి వచ్చినవాని నుండి అక్కి అంటదు. ఆటలమ్మ పోయనివారికి, టీకా పొందనివారికి, ఆటలమ్మ అంటును. ముఖ్యముగా పొక్కుల లోని నీరు తగులుట వలన అంటును. పొక్కులు లేవకముందు అంటదు. అన్నియు పెచ్చులు కట్టిన పిదప అంటదు. నడుమ నున్న ఏడు నుండి పది దినములు మాత్రమే జాగ్రత్త కావలసినవి. ఆ దినములలో పొక్కులను పొడి గుడ్డతో కప్పి యుంచి, చేతులు కడుగుకొనుచు, తువ్వాలును పక్కబట్టలను వేరుగా నుంచిన చాలును.

చలిదేశములలో టీకా రాకముందు దాదాపు అందరికి పదేండ్లలోపుననే ఆటలమ్మ పోసెడిది. మనవంటి ఉష్ణదేశములలో అట్లు కాదు. ఆటలమ్మ నెరుగకుండ పెండ్లి యీడుకు వచ్చువారు మన యొద్ద చాలమంది యుందురు. పెద్దలకు వచ్చిన ఆటలమ్మ పిల్లలకు వచ్చినట్లు ఆటలాడి పోదు. తీవ్రమైన జ్వరముతో వచ్చి ఒక్కొక్కపుడు ఊపిరితిత్తులకు దిగును. అన్నిటికంటె భయము గర్భిణికి. తొలి చూలుకు పుట్టింటికి వచ్చిన కూతురు, అదే యింట వసారాలో మంచము మీద నడుముకు అక్కి లేచిన తండ్రి, మన పల్లెలలో ఇట్టి చిత్రము అరుదైనది కాదు. కాన్పునకు అయిదు దినముల ముందు మొదలు కాన్పైన రెండు దినములలోపుగా తల్లికి ఆటలమ్మ పోసినచో, తల్లి నుండి రక్షణ పొందు వ్యవధి లేక పుట్టిన బిడ్డ ప్రాణమునకే ముప్పు వచ్చును. ఆ కూతురికి చిన్ననాట ఆటలమ్మ పోసినదా లేదా యని తల్లి నడిగి తెలిసికొనుట ఆ యింటివారు చేయవలసిన మొదటి పని. పోయనిదైనచో ఆమెను మరియొక యింట నుంచి, వెంటనే వైద్యునకు తెలుపవలెను.

ఇందొక విడ్డూరము కలదు. ఆటలమ్మ పోసిన యింట మనవారు పాటించు నియమములు ఎంత పకడ్బందీ యైనవి! గుమ్మమునకు వేపమండ కట్టుదురు. దానిని చూచి చుట్టములు వాకిటనే నిలిచి మరలిపోదురు. రోగికి వేరు పక్క, వేరు గిన్నె. తిరగమోత ఘాటు లేదు. నీళ్లు పోయువరకు బయటికి పంపరు. పేరు భక్తియైనను పని అంటును ఆపుటయే. అదే వైరసు అక్కిగా వచ్చినపుడు ఈ నియమములలో ఒక్కటియు లేదు. తాత పొక్కుల మీద గుడ్డయైన లేకుండ మనుమని పక్కలో వేసికొని పరుండును. ముత్యాలమ్మకు చూపు మర్యాదలో కొంత అక్కికిని చూపవలసి యున్నది.

చికిత్స మాట. కొన్ని ఊళ్లలో జేగురు కలిపి పూయుదురు. మంత్రము వేయింతురు. అక్కి పొక్కులు ఏ మందు లేకున్నను రెండు నాలుగు వారములలో మానును గనుక మంత్రమునకు పేరు నిలుచుచున్నది. మంత్రము వలన కీడు లేకపోవచ్చును. కీడంతయు అందుకై గడపిన దినములలో నున్నది. వైరసును అణచు అసైక్లోవిర్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటలలోపున మొదలిడినచో బాగుగా పనిచేయును. సామాన్యముగా రోజునకు అయిదు మారులు, ఏడు దినములు, మూత్రపిండముల స్థితిని బట్టి వైద్యుడు నిర్ణయించును. మూడు దినములన్నది ఎంత తక్కువ వ్యవధియో అడవి లోపలి గూడెముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2022లో కొత్తగూడెమున ప్రభుత్వ వైద్య కళాశాల తెరచిరి. చండ్రుగొండ నుండి అచటికి రోడ్డు కలదు. గూడెము నుండి ఆ రోడ్డెక్కుటలోనే ఆలస్యము. నుదుటి మీదనో, కంటి రెప్ప మీదనో, ముక్కు కొనమీదనో పొక్కులు లేచినచో మాత్రము ఒక్క పూటయు ఆగరాదు. ముక్కు కొనకు వచ్చు నరపు కొమ్మయే కంటికిని పోవును. చూపు పోయిన పిదప దానిని తెచ్చు మందు లేదు.

ఈ మాత్ర పుట్టుక వెనుక ఒక తెలుగువాని నీడ యున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు. అసైక్లోవిర్ ను వెలికి తెచ్చిన పరిశోధక బృందమునకు పెద్దదిక్కు గెర్ట్రూడ్ ఎలియన్. ఆమెయు ఆమె గురుతుల్యుడు జార్జి హిచ్చింగ్సును 1988లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఆ హిచ్చింగ్స్ యువకుడుగా హార్వర్డున పనిచేయునాడు అక్కడ మన యెల్లాప్రగడ సుబ్బారావు గారుండిరి. సుబ్బారావుగారు వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని నాడు వెలుగు చూడలేదనియు, తరువాతివారు వానిని మరల కనుగొనవలసి వచ్చెననియు హిచ్చింగ్స్ అనంతర కాలమున చెప్పెను. ఆ రసాయనముల జాతికి చెందిన మారు వస్తువునే వైరసు నోటికి అందించి దాని పెరుగుదలను ఆపుట అసైక్లోవిర్ చేయు పని. భీమవరమున పుట్టిన సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూసిరి.

పొక్కులు మానిన పిదప మిగులు నొప్పియే అక్కిలో పెద్ద బాధ. వైరసు నరమును గాయపరచి పోవుటచేత చర్మము చక్కబడినను మంట నెలల తరబడి, ఒక్కొక్కరికి ఏండ్ల తరబడి నిలుచును. అరువది దాటిన వారికి ఇది ఎక్కువ. బనియను తగిలినను, ఫ్యాను గాలి సోకినను ఓర్వలేరు. పుండు మానినది గదా, ఇంకను ఏమి మూలుగు అని యింటివారు విసుగుకొందురు. కంటికి గాయము కనబడదు గనుక ముసలివాని మాట చెల్లదు. ఆ నొప్పి నిజమైనది. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. నరముల మీద పనిచేయు అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులను వైద్యుడు కొద్ది మోతాదుతో మొదలిడి పెంచును. మెత్తని నూలు బట్ట, చల్లని తడిగుడ్డ, కొంత నిద్ర, కొంత ఓదార్పు, ఇవియు మందులే.

ఖమ్మము మిరప మార్కెట్టు ఎరిగినవారికి మరియొక మందు వింతగా తోచును. మిరపకాయ కారమునకు మూలమైన కాప్సైసిన్ నుండి చేసిన పూతను ఈ నొప్పికి వాడుదురు. మంటను మెదడుకు మోసికొని పోవు నరపు కొసలను అది మొదట రగిలించి, పిదప అలసట పుట్టించి, మొద్దుబారునట్లు చేయును. ఆ కొసలలో కారమును పసిగట్టు గవాక్షమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పొందెను. ఇది వినియుండి ఎవరైనను ఇంటి కారమును నూరి పూసికొనిన కథ మరియొక విధముగా ముగియును. ఈ పూత మానిన చర్మమునకే, వైద్యుని చేతి మీదుగా.

అక్కిని నివారించుటకు ఈనాడు వాడు టీకా అమెరికాలో 2017లోను, మన దేశమున 2023లోను వచ్చినది. ఏబది దాటిన వారికి రెండు మోతాదులు. ప్రయోగములలో నూటికి తొంబది పైగా రక్షణ కనబడినది. ప్రభుత్వము ఉచితముగా వేయు టీకాలలో ఇది లేదు. తునికాకు కట్టలు లెక్కపెట్టి కూలి పుచ్చుకొను కుటుంబమునకు దీని వెల అందునది కాదు.

ఒకమారు వచ్చిన అక్కి మరల రాదన్న నమ్మకమును నిజము కాదు. నూటికి అయిదారుగురికి కొన్నేండ్లలో మరల వచ్చుచున్నది. పడుచువానికి వచ్చినను, పదే పదే వచ్చినను, మధుమేహమునకును ఎయిడ్సు వైరసుకును రక్తపరీక్ష చేయింపుమని వైద్యులు చెప్పుట అవమానించుటకు కాదు. లోపలి కాపలా ఏల సడలినదో తెలిసికొనుటకు. రెండవమారు వచ్చినవారికి ఒక్క మేలు కలదు. ఆ మంటను వారు మరువరు. పొక్కు లేవకముందే, పక్కటెముకల మీద ఆ నిప్పుకణిక మోపిన వేళనే గుర్తించి, తైలము జోలికి పోక తెల్లవారి మొదటి బస్సునకే కొత్తగూడెము పోదురు.