సముద్రం ఒడ్డున వెండితెర! పలెర్మోలో మా నాలుగు రోజులు

"ఏమోయ్, ఆ మూడో మెట్టు మీద కూర్చో. కొంచెం ఎడమకి... ఆఁ! ఇప్పుడు చెయ్యి గుండె మీద పెట్టుకో!"

ఇది ఏ దర్శకుడో నాయికతో అన్నమాట కాదు పాఠకులారా! మా వారు నాతో అన్నమాట. అదీ ఎక్కడనుకున్నారు? ఇటలీకి దక్షిణాన, సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో, నడిబజార్లో, పదిమందీ చూస్తుండగా!

ఇంతకీ ఆ మెట్ల కథేమిటంటే... అది 'తియాత్రో మాస్సిమో' అనే సంగీత నాటకశాల. 1897లో ప్రారంభమైంది. ఇటలీలో ఇంతకంటే పెద్ద ఆపెరా హౌస్ లేదు. 1990లో విడుదలైన 'గాడ్‌ఫాదర్' మూడో భాగానికి పతాక సన్నివేశం ఈ మెట్ల మీదే తీశారు. తండ్రి మీద పేల్చిన తూటా కూతురు మేరీకి తగులుతుంది. అల్ పచీనో నోరు తెరుస్తాడు, అరుపు మాత్రం వినబడదు! మేరీగా వేసిన సోఫియా ఎవరో కాదు, దర్శకుడు కొప్పోలా కన్నకూతురే.

విచిత్రం చూడండి! మరమ్మతులకని 1974లో మూసిన ఈ నాటకశాలని 1997లో గాని మళ్ళీ తెరవలేదు. అంటే తెర మీద జనంతో కళకళలాడిన ఆ భవనం, షూటింగు నాటికి మూతపడి ఉందన్నమాట!

"ఏవండీ, సరదాగా తిరుగుదామని తీసుకొచ్చి నన్ను చంపుతారా?" అన్నాను. మా వారు నవ్వలేదు. షూటింగు స్థలాల విషయంలో ఆయనకి హాస్యం పనికిరాదు. జేబులో చిన్న డైరీ, అందులో వరసగా నంబర్లు.

డైరీలో రెండో నంబరు వల్‌గ్వార్నెరా గాంజి అనే రాజభవనం. విస్కోంతీ తీసిన 'ది లెపర్డ్' (1963) చిత్రంలో బర్ట్ లాంకాస్టర్, క్లాడియా కార్డినాలె నాట్యం చేసింది అక్కడే. ఆ విందు సన్నివేశం ఒక్కటే ముప్పావుగంట సాగుతుంది! అది ఒకరి సొంత ఇల్లు కాబట్టి ముందుగా ఏర్పాటు చేసుకుంటే గాని లోపలికి వెళ్ళడానికి వీల్లేదు. మేము గుమ్మం చూసి తృప్తిపడ్డాం.

గాడ్‌ఫాదర్ మోజుతో వచ్చేవాళ్ళకి ఇంకొక్క మాట. ఇక్కడి విమానాశ్రయానికి ఫాల్కోనె, బోర్సెల్లీనో అనే ఇద్దరు న్యాయాధికారుల పేర్లు పెట్టారు. మాఫియా మీద కేసులు నడిపి, 1992లో బాంబుదాడులకు బలైపోయినవాళ్ళు. ఊరు తలుచుకునేది వాళ్ళని!

సముద్రం నా వాటా

బయలుదేరేముందే మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఒక రోజు ఆయన సినిమా, ఒక రోజు నా సముద్రం. నాకేమో షూటింగు స్థలాలంటే పెద్ద మోజు లేదు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి, అంతే!

మొండెల్లో బీచ్ ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు. 806 నంబరు సిటీ బస్సు తిన్నగా తీసుకుపోతుంది. రెండు కొండల మధ్య నెలవంకలా ఒదిగిన తెల్లటి ఇసుక. ఒడ్డున ఆకుపచ్చ, కాస్త లోపల నీలం. మన గోదావరి కలిసేచోట సముద్రం మట్టిరంగులో ఉంటుంది కదా, అలా కాదు. పైగా మధ్యధరా సముద్రానికి ఆటుపోట్లు దాదాపు లేనట్టే! నీళ్ళ మీద కట్టిన 1913 నాటి స్నానాల భవనం ఒకటి ఇప్పటికీ పాతకాలపు సినిమా సెట్టులా నిలబడి ఉంది.

వెళ్ళింది సెప్టెంబరు చివర్లో. జులై, ఆగస్టుల్లో అయితే ఇసుక కనబడనంత జనమట. మాకు మాత్రం నీళ్ళూ వెచ్చగానే ఉన్నాయి, చోటూ దొరికింది.

తిండి సంగతి అడుగుతారేమో! 'పనెల్లె' అని వీధిలో వేయించి అమ్ముతారు. సెనగపిండి ఉడికించి, చల్లార్చి, పలకలుగా కోసి నూనెలో వేయించి రొట్టెలో పెట్టి ఇస్తారు. మన బజ్జీకి దూరపు చుట్టమే. 'అరంచీనా' అంటే అన్నం ముద్ద మధ్యలో కూర పెట్టి వేయించింది. లోపల మాంసం ఉండొచ్చు, శాకాహారులు అడిగి మరీ తినాలి సుమా!

పాలు పొంగుతున్నాయని...

మూడో రోజు ఒప్పందం తారుమారైంది. "చెఫలూ పోదాం. అక్కడ నీ సముద్రమూ ఉంది, నా సినిమా కూడా ఉంది" అన్నారు మా వారు.

"నేను రాను" అన్నాను. ఆయన తెల్లబోయారు.

ఆ సినిమా 'సినిమా పారడిసో'. జుసెప్పె తొర్నాతోరె దర్శకత్వంలో 1988లో వచ్చింది. 1990లో ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. చిన్న ఊళ్ళో సినిమాహాలు, అందులో ఆల్ఫ్రేడో అనే ముసలి ఆపరేటరు, ప్రొజెక్టర్ గది వదలని తోతో అనే పిల్లాడు. మా వారు దాన్ని ఇంట్లో మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ సగంలోనే నాకు వంటింట్లో పాలు పొంగుతున్నట్టు అనిపించింది. లేచి వెళ్ళిపోయాను.

చివరికి వెళ్ళాం. పలెర్మో నుంచి రైల్లో గంట లోపే. దారిలో వచ్చే బగేరియా తొర్నాతోరె పుట్టిన ఊరు. చెఫలూలో 1131లో కట్టడం మొదలుపెట్టిన చర్చి, దాని వెనక నిట్టనిలువుగా పెద్ద బండకొండ, కింద పొడవాటి ఇసుకతీరం. ఇళ్ళ గోడలని అలలు తాకుతుంటాయి. ఆ పాత రేవులోనే, సినిమాలో ఎండాకాలం రాత్రి ఆరుబయట తెర కట్టి 'యులిసిస్' చిత్రం వేస్తారు. టిక్కెట్టు లేనివాళ్ళు పడవల్లో కూర్చుని చూస్తారు. వాన మొదలౌతుంది... నాయిక ఎలెనా వస్తుంది!

మేం చూసేసరికి వానా లేదు, తెరా లేదు. నాలుగు పడవలు, గోడ మీద ఒక పిల్లి. అంతే!

"తెర ఎక్కడ కట్టారో" అంటూ ఆయన అటూ ఇటూ నడుస్తున్నారు. నాకు తెలియకుండానే అనేశాను. "ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టారో చూడండి. అది తెలిస్తే తెర అదే తెలుస్తుంది."

"నీకెలా తెలుసు?"

ఇక దాచలేకపోయాను. మా పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి "పిల్ల తండ్రి సినిమాహాల్లో మేనేజరు" అన్నాడు. అప్పటికి నాన్న పోయి రెండేళ్ళు. కాదనడానికి ఆయన లేరు. చెప్పవలసిన నేను తలొంచుకుని కూర్చున్నాను. నాన్న మేనేజరు కాదు, ఆపరేటరు. కార్బన్ కడ్డీల వేడికి బనీనుతో ఒళ్ళంతా చెమటలు కక్కుతూ రోజుకి నాలుగాటలు వేసిన మనిషి. ఆ హాలు ఇప్పుడు కల్యాణ మండపం. బడి వదలగానే నేను పరిగెత్తేది ఆ గదికే. తెగిన ఫిల్ము ముక్కలు నాకోసం బిస్కట్ల డబ్బాలో దాచిపెట్టేవారు.

మా వారు చాలాసేపు మాట్లాడలేదు.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"రాదూ మరి! ఇంట్లో ఆపరేటరుగారి అమ్మాయిని పెట్టుకుని, రీలు ఎలా మారుస్తారో ఊళ్ళోవాళ్ళని అడిగానే!" అన్నారు.

అక్కడే రేవు గోడ మీద కూర్చుని చెప్పాను. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. అందుకే పక్కపక్కన రెండు మిషన్లు. రీలు అయిపోవచ్చేసరికి తెర కుడివైపు పై మూలన ఒక చుక్క మెరుస్తుంది. రెండో మిషను నడిపించమని అది సైగ. కొద్ది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. హాల్లో ఒక్కరికీ తెలియకూడదు. తెలిసిందా, ఈలలూ తిట్లూ ఆపరేటరుకే!

ఆ రాత్రి పలెర్మోలో, మా గదిలో నాలుగోసారి ఆ సినిమా పెట్టారు, ఫోనులోనే. పొంగడానికి అక్కడ పాలు లేవు. ఆఖరిదాకా చూశాను.

ఇంకో సంగతి తెలుసా? ఆ పారడిసో సినిమాహాలు నిజంగా ఎక్కడా లేదు. పలాట్సో అద్రియానో అనే కొండ ఊళ్ళో, చౌకులో షూటింగుకని కట్టిన సెట్టు. తర్వాత లేదు. మా ఊరి హాలూ లేదు. కాని రెండిట్లోనూ ఆట నడిచిందని చెప్పేవాళ్ళు ఉన్నారు కదా!

ఆ చివరి అయిదు నిమిషాల్లో ఏముందని మాత్రం అడగకండి, నేను చెప్పను. మీరే చూడండి. వీలైతే పక్కన మీవాళ్ళని కూర్చోబెట్టుకుని మరీ చూడండి.

నాలుగో రోజు సముద్రానికి వెళ్ళలేదు. "నీ వాటా పోయిందే!" అని మా వారు వేళాకోళమాడారు. పోతే పోయింది. ఇంటికి రాగానే చేసిన మొదటి పని, అటక మీదనుంచి బిస్కట్ల డబ్బా దించడం. మా వారు కిటికీ దగ్గర నిలబడి ఒక్కో ఫిల్ము ముక్కా వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు, ఇంతవరకూ వాటిల్లో ఏ సినిమానీ పోల్చలేకపోయారు!