బండ మీద పెట్టిన ఫోను

కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు చుట్టూ ఎటు చూసినా బండలే. ఈ గ్రానైటు రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం-40 పుట్టుకతోనే కొద్దికొద్దిగా ఉంటాయి. వాటి నుంచి రేడియేషన్ వస్తూనే ఉంటుంది. అలాంటి బండ మీద ఫోను పెట్టి రేడియేషన్ కొలిచే యాప్ తెరిస్తే చాలాసార్లు కనిపించేది సున్నా, లేదంటే సున్నాకు దగ్గరి అంకె. ఆ సున్నాను ‘ఏమీ లేదు’ అని చదవాలా, ‘ఫోనుకు కనబడలేదు’ అని చదవాలా? రెండోదే సరైనదని, కోలారు జిల్లాలో ఈ తేడా తాగే నీళ్ల దాకా వస్తుందని నా వాదన. (సెల్ టవర్ రేడియేషన్ కొలుస్తామంటూ ఫోనులోని దిక్సూచి సెన్సర్ అంకెలు చూపించే యాప్‌లు వేరే బాపతు. వాటి జోలికి పోవడం లేదు.)

యాప్ వెనక ఉన్న శాస్త్రం మోసం కాదు. కెమెరా కంటికి నల్ల టేపు అంటిస్తే వెలుతురు లోపలికి పోదు. గామా కిరణం మాత్రం టేపును దాటి లోపలి సిలికాన్ చిప్పును తాకి ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, చీకటి చిత్రంలో ఒక తెల్ల చుక్క పడుతుంది. యాప్ ఆ చుక్కలను లెక్కపెడుతుంది. చిక్కల్లా చిప్పు చిన్నది కావడమే. వేలిగోరంత కూడా లేని ఆ పలకను దాటే కిరణాలే తక్కువ, దాటినవాటిలోనూ చుక్క పెట్టేవి కొన్నే. పైగా చిప్పు వేడెక్కితే దానంతట అదే దొంగ చుక్కలు పెడుతుంది, ఎండలో ఉంచిన ఫోనును నమ్మలేం. ఆస్ట్రేలియా అణుశాస్త్ర సంస్థ ఆన్‌స్టో ఇలాంటి యాప్‌ను పరీక్షించినప్పుడు, రేడియేషన్ మోతాదు గంటకు 20 మైక్రోగ్రేలు దాటాకే ఫోను లెక్క నిలకడగా వచ్చింది. మన చుట్టూ మామూలుగా ఉండేది గంటకు 0.1 ప్రాంతంలో. అంటే ఫోను నోరు విప్పాలంటే మామూలు కన్నా రెండు వందల రెట్లు కావాలి.

సన్నని సంకేతాన్ని పట్టడం ఎంత కష్టమో ఈ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. కోలారు బంగారు గనుల్లోని (కె.జి.ఎఫ్.) చాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున టాటా మౌలిక పరిశోధన సంస్థ (టి.ఐ.ఎఫ్.ఆర్.), ఒసాకా సిటీ, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ పట్టారు. నేల మీద ఆకాశం నుంచి కురిసే మ్యూయాన్ కణాల హోరులో ఆ జాడ వినపడదు. అందుకే అంత రాతిని నెత్తిన పెట్టుకున్నారు. గోడల్లా నిలబెట్టిన, కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ సింటిలేటర్లు, నియాన్ గొట్టాలతో నెలల తరబడి కాపు కాస్తే దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. హోరు తగ్గించాలి, వల పెంచాలి, ఓపిక పట్టాలి. జేబులోని ఫోను ఈ మూడూ చేయలేదు.

‘ఏమీ లేకపోవడం కన్నా ఏదో ఒకటి మేలు కదా’ అనవచ్చు. అణు ప్రమాదంలోనో, పారేసిన పారిశ్రామిక రేడియోధార్మిక మూలం పక్కనో ఆ మాట నిజమే. అంత తీవ్రత ఉన్నచోట యాప్ హెచ్చరించగలదు. కానీ కోలారు జిల్లాలో ఆందోళన కలిగిస్తున్నది బోరునీటిలోని యురేనియం. భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు కోలారు, చిక్కబళ్లాపురం, తుమకూరు, చిత్రదుర్గ ప్రాంతాల్లో 73 ఊళ్ల నీళ్లు పరీక్షిస్తే, 57 ఊళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాముల ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి దాటింది. ఆ పరిమితి దగ్గర లీటరు నీళ్లలోని యురేనియంలో సెకనుకు సగటున ఒక పరమాణువు కూడా విచ్ఛిన్నం కాదు. వెలువడే ఆల్ఫా కణం నీళ్లలో వెంట్రుక మందమంత దూరం పోయేలోపే ఆగిపోతుంది, చెంబు గోడను కూడా దాటదు. ‘అయితే గైగర్ కౌంటరు కొంటాం’ అంటే అదీ ఇక్కడ దండగే, బండ తీవ్రత చెబుతుంది గానీ బోరు సంగతి చెప్పదు. అసలు ఈ యురేనియం వల్ల ముందుగా దెబ్బతినేది మూత్రపిండాలు, అదీ రసాయన విషంగా. రేడియేషన్ ఎంత తక్కువైనా విషం విషమే.

కాబట్టి నీటి నమూనాను ప్రయోగశాలకు పంపి, యురేనియం పరీక్షను పేరు పెట్టి అడగాలి. మామూలు నీటి పరీక్షలో అది ఉండకపోవచ్చు. కాచితే యురేనియం పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రం చాలామటుకు తీసేస్తుంది గానీ, తీసినదంతా వదిలేసే నీళ్లలోకి చేరుతుంది. ఇక బోరును మరింత లోతుకు దించితే పాత పరీక్ష చీటీ చెల్లదు, అక్కడి రాయీ నీళ్లూ వేరు కావచ్చు.