సువార్త - ఇంజీల్

‘సువార్త అంటే ఇంజీలేనా?’ అని పిల్లలడిగితే ఏమనాలి? మాటగా చూస్తే రెండూ ఒకటే. మూలం గ్రీకు పదమైన ‘యువాంగేలియోన్’. హోమర్ కావ్యంలో దాని అర్థం శుభవార్త తెచ్చినవానికిచ్చే బహుమానం. వార్తకే ఆ పేరు రావడం తరువాతి సంగతి. క్రీ.పూ. 9 నాటి ప్రియేన్ శాసనం అగస్టస్ చక్రవర్తి జననాన్ని ఈ మాటతోనే కొనియాడింది. అప్పటికది రాజాస్థానపు మాట!

తెలుగు దాని అర్థాన్ని గ్రహించి ‘సువార్త’ అన్నది. అరబీ శబ్దాన్ని గ్రహించింది: ఇథియోపియాకు చెందిన గీజ్ భాషలోని ‘వంగేల్’ మీదుగా ‘ఇంజీల్’ ఏర్పడిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం.

తేడా భావంలో ఉంది. దివ్య ఖుర్ఆన్ పేర్కొనే ఇంజీల్ హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)కు అల్లాహ్ ప్రసాదించిన గ్రంథం (5:46). మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్లతో ఉన్న సువార్తలు ఆయన జీవితాన్నీ బోధలనూ ఇతరులు వివరించిన రచనలు.